పగ్గమునకు రెండు కొనలు

సంజచీకటిలో ఇల్లు చేరుచున్న బాటసారి త్రోవలో పడియున్న త్రాటిని చూచి, పామనుకొని ఉలికిపడుట మన వేదాంతులకు మిక్కిలి ఇష్టమైన దృష్టాంతము. దీపము తెచ్చి చూచినంతనే పాము మాయమై త్రాడు మిగులునట్లు, జ్ఞానోదయమైనంతనే భ్రాంతి తొలగునని వారు దానితో బోధించిరి. ఆ బాటసారి దేహమును పరీక్షించు శరీరశాస్త్రజ్ఞునికి ఆ దృష్టాంతముననే మఱి రెండు విశేషములు గోచరించును. అది పామని అతడు నిశ్చయించుకొనకమునుపే అతని పాదము వెనుకకు వచ్చినది, ఇది మొదటిది. అది త్రాడేయని దీపపు వెలుగున కన్నులార చూచిన పిమ్మటను అతని గుండె కొంతసేపు దడదడ కొట్టుకొనుచునే యుండును, అరచేతుల చెమట ఆరదు, ఇది రెండవది. భయము తెలివికంటె ముందు వచ్చి, తెలివి వచ్చిన తరువాతను త్వరగా పోకున్నది. ఇట్లేల జరుగవలెను? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము వెదకుచు పోయిన విజ్ఞానులు, గడచిన నూఱేండ్లలో, మానవ మస్తిష్కమున భావోద్వేగమునకును వివేకమునకును నడుమ గల రాకపోకల మార్గములను ఒక్కొక్కటిగా కనుగొనిరి. ఆ మార్గముల కథయే ఈ వ్యాసమునకు విషయము.

కణతల లోతున, మెదడు రెండు అర్ధభాగములలోను, బాదముగింజను పోలిన నాడీకణ సముదాయము ఒక్కొక్కటి గలదు. 19వ శతాబ్ది ప్రారంభమున జర్మన్ శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడగు కార్ల్ బుర్డాఖ్ ఆ పోలికనుబట్టియే, గ్రీకు భాషలో బాదమునకు పేరైన అమిగ్డాలా యను శబ్దముతో దానిని వ్యవహరించెను. ఇది పెక్కు చిన్న కేంద్రకముల కూటమి. ప్రక్కనున్న కేంద్రకము కన్ను, చెవి మొదలగు ఇంద్రియములనుండి వచ్చు వార్తలను గ్రహించును. మధ్యనున్న కేంద్రకము గుండెను వేగిరపఱచుటకు, ఊపిరి తీరును మార్చుటకు, చెమట పట్టించుటకు హైపోథలామస్‌కును మెదడుకాండమునకును ఆజ్ఞలు పంపును. అడుగుభాగమున నున్న కేంద్రకములు మెదడు పైపొరతో, అందును ముఖ్యముగా నుదుటి వెనుక నున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అను లలాటవల్కలముతో, ఎడతెగని సంభాషణ జరుపుచుండును.

ఈ లలాటవల్కలము మన వివేకమునకు పీఠము. రేపటి పనిని నేడే ఊహించుట, నోటికి వచ్చిన మాటను పెదవి దాటకుండ ఆపుట, లెక్క పూర్తియగువఱకు అంకెలను మనస్సున నిలుపుకొనుట దీని పనులు. ఇందును వేఱువేఱు సీమలున్నవి. వెలుపలి ప్రక్కభాగము ఆలోచనను నిలిపి నడపును. కనుగుంతలకు పైనున్న భాగము వస్తువుల మేలుకీళ్లను వెలకట్టును. నడిమి భాగము ఉద్వేగమును హెచ్చించుటలోను తగ్గించుటలోను పాల్గొనును. అమిగ్డాలానుండి బయలుదేరిన నాడీతంతువులు సమృద్ధిగా చేరునది కనుగుంతల పైభాగమును, నడిమి భాగమును. ఆలోచనను నడపు వెలుపలి ప్రక్కభాగమునకు సూటిగా చేరునవి మిక్కిలి కొలది. అందువలన ఉద్వేగము ఆలోచనను ప్రభావితము చేయుట పెక్కుసార్లు పొరుగుసీమల ద్వారమునను, మెదడంతయు వ్యాపించు రసాయనముల ద్వారమునను జరుగుచున్నది. ఇక లలాటవల్కలమునుండియు అమిగ్డాలాకు తంతువులు తిరిగి వచ్చుచున్నవి.

కఠోపనిషత్తు దేహమును రథముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను, మనస్సును పగ్గముగను, బుద్ధిని సారథిగను నిరూపించినది. ఆ రూపకమును వినిన మనము సారథి లాగుట, గుఱ్ఱము లొంగుట యను ఒక్క దిక్కునే తలచుకొందుము. కాని బండి తోలిన అనుభవము గలవానిని అడిగినచో, పగ్గము రెండు దిక్కుల పనిచేయునని చెప్పును. ఎద్దు అలసినదో బెదరినదో, ముందు పల్లమున్నదని దానికి తోచినదో, తోలువాని చేతికి పగ్గమే తెలుపును. ఆ వార్త అందని చేతికి తోలుట రాదు. ఎద్దు లాగుడు మితిమీఱినపుడు తోలువాడే నొగలనుండి క్రిందపడును. వివేకమునకును ఉద్వేగమునకును గల సంబంధము సరిగా ఇట్టిదే.

ముందు భయము త్వరను చూతము. అమెరికాలో జోసెఫ్ లెడూ అను శాస్త్రజ్ఞుడు 1980 తరువాతి దశకమున ఎలుకలపై పరిశోధనలు చేసెను. ఒక ధ్వని వినిపించి వెంటనే కాలికి స్వల్పమైన విద్యుదాఘాతము తగిలించినచో, కొలది పర్యాయములలోనే ఎలుక ఆ ధ్వని వినినంతనే కదలక మెదలక బిగుసుకొనిపోవును. వినికిడికి సంబంధించిన మెదడు పైపొరను తొలగించినను ఎలుక ఈ భయమును నేర్చుకొనుచునేయుండెను; పైపొరకు వార్త చేరకమునుపు మజిలీవంటిదగు థలామస్‌లోని శ్రవణభాగమును ధ్వంసము చేసినపుడు మాత్రము నేర్చుకొనలేకపోయెను. అనగా థలామస్‌నుండి అమిగ్డాలాకు ఒక అడ్డదారి గలదు. ఎలుకలలో ఆ దారిన వార్త చేరుటకు సుమారు 12 మిల్లీసెకండ్లు చాలును. పైపొర మీదుగా పోవు రాజమార్గమునకు దాదాపు ఇబ్బడి కాలము పట్టును. అడ్డదారిన వచ్చు వార్త స్థూలమైనది. వంకరగా పొడవుగా ఏదియో ఉన్నదని చెప్పునే గాని పామో త్రాడో తేల్చి చెప్పజాలదు. మనుష్యులలో ఈ అడ్డదారి ప్రాధాన్యమెంతయను విషయమున పండితులు ఇంకను వాదించుకొనుచున్నారు. అయినను బాటసారి పాదము అతని నిశ్చయముకంటె ముందు కదలుటకు కారణము ఈ దిక్కుననే దొరకుచున్నది.

అమిగ్డాలా లేకున్న ఏమగును? 1937 ప్రాంతమున చికాగోలో క్లూవర్, బ్యూసీ అను ఇరువురు కొన్ని కోతుల మెదడున కణతభాగములను తొలగించి చూచిరి. అంతకుముందు పామును చూచి పరుగెత్తిన కోతులు ఆ పిమ్మట దానిని చేతబట్టుకొని పరిశీలింపసాగెను. ఆ నిర్భయత్వమునకు అమిగ్డాలా లోపమే కారణమని 1956లో వైస్క్రాంట్జ్ అను శాస్త్రజ్ఞుడు తేల్చెను. అటు తరువాత, అరుదైన జన్యువ్యాధి వలన రెండు అమిగ్డాలాలును నశించిన ఒక అమెరికన్ మహిళను శాస్త్రజ్ఞులు పెక్కేండ్లు పరిశీలించిరి. ఎదుటివారి ముఖమున సంతోషమును దుఃఖమును గుర్తింపగలిగిన ఆమెకు భయము మాత్రము పోల్చుకొనరాకుండెనని 1994లో వెల్లడియైనది. పాములను చూపినను, చీకటి గృహములలో త్రిప్పినను ఆమెకు వెఱపు కలుగలేదు. అట్టి ఆమె 2013లో ప్రకటితమైన పరీక్షలో కార్బన్ డయాక్సైడ్ అధికముగా కలిసిన గాలిని ఒక్కమాఱు పీల్చినంతనే ప్రాణభయముతో విలవిలలాడినది. దీనివలన అమిగ్డాలాను భయమునకు ఏకైక నిలయమనుట పొసగదని తెలియుచున్నది. వెలుపలినుండి వచ్చు వస్తువు మనకు మేలుదో కీడుదో గుర్తించి, ఆ గుర్తును తక్కిన మెదడునకు చాటుట దాని ముఖ్యకార్యముగా కనబడుచున్నది.

ఆ చాటింపు లలాటవల్కలమునకు ఎంత అవసరమో చూపు పరీక్ష యొకటి మిక్కిలి మనోహరమైనది. విందులో కడుపునిండ బూరెలు తిన్నవాడు మఱల బూరెలపళ్లెము తెచ్చినచో చేయి అడ్డుపెట్టి పులిహోరవంక చూచును. బూరె మారలేదు, దాని రుచి మారలేదు. ఆ క్షణమున అతనికి దాని విలువ మారినది. కోతులును ఇట్లే ప్రవర్తించును. అమెరికాలో ఎలిజబెత్ మర్రేయును ఆమె సహచరులును 2000లో ప్రకటించిన పరిశోధనలో, కోతి మెదడున ఒక ప్రక్క అమిగ్డాలాను, రెండవ ప్రక్క కనుగుంతల పైనున్న వల్కలమును తొలగించి, రెండు అర్ధభాగములను కలుపు తంతువులను ఖండించిరి. అట్లు చేసినపుడు అమిగ్డాలా ఒకటియు వల్కలభాగమొకటియు చెడక మిగిలియేయున్నవి. రెండింటి నడుమ మాట మాత్రము తెగిపోయినది. అంతట ఆ కోతులు కడుపునిండ తిన్న ఆహారమును సూచించు వస్తువులనే మఱల ఎంచుకొనుచుండెను. విలువ మారినదన్న వార్త నిర్ణయించు చోటికి చేరలేదు. ఏ ఒక్క భాగమును కాదు, రెండింటి నడిమి మార్గమే వివేకమునకు ఆధారమని ఇంతకంటె స్పష్టముగా చెప్పు ప్రయోగము దుర్లభము.

మనుష్యులలోను ఇట్టి సాక్ష్యమే లభించినది. లలాటవల్కలపు అడుగునడిమి భాగము దెబ్బతిన్న రోగులను ఆంటోనియో డమాసియో అను వైద్యుడు దీర్ఘకాలము పరిశీలించెను. వారి తెలివితేటలు పరీక్షలలో తగ్గియుండవు, జ్ఞాపకశక్తి చెడదు, మాట తడబడదు; అయినను వారి బ్రదుకులు చిందరవందరయగుచుండెను. అట్టి రోగి యొకనితో డమాసియో, మఱల వచ్చుటకు రెండు తేదీలు చూపి ఏది అనుకూలమని అడిగెను. ఆ రోగి పంచాంగము తిరుగవేయునట్లు తన దినచర్యపుస్తకమును త్రిప్పుచు, ఇతర పనులను, వాతావరణమును, ఒక్కొక్క తేదీకి అనుకూల ప్రతికూలములను ఎన్నుచు దాదాపు అరగంట గడపెను. తుదకు వైద్యుడు రెండవ తేదీన రమ్మని చెప్పగా, మంచిదని వెంటనే అంగీకరించెను. అతనికి తర్కము కొఱవడలేదు; తర్కమును ఇక చాలునని ఆపి, ఇది మేలని మొగ్గు చూపు లోపలి స్పర్శ కొఱవడినది.

ఈ స్పర్శను కొలచుటకు అయోవా విశ్వవిద్యాలయమున బెషారా, డమాసియో బృందము 1994లో ఒక పేకాటను కల్పించినది. నాలుగు కట్టలలో రెండు కట్టలు ముక్కకు 100 డాలర్లు ఇచ్చి నడుమనడుమ పెద్ద నష్టములు తెచ్చును. తక్కిన రెండును 50 డాలర్లే ఇచ్చి చిన్న నష్టములతో తుదకు లాభము మిగుల్చును. ఆరోగ్యవంతులు కొన్ని ముక్కలు తీసిన పిమ్మట, చెడ్డకట్ట వైపు చేయి చాపబోవునపుడే వారి చర్మమున సన్నని చెమట పట్టసాగెను; ఆ కట్ట చెడ్డదని వారు మాటలతో చెప్పగలుగుట చాల తరువాతి సంగతి. అడుగునడిమి వల్కలము దెబ్బతిన్నవారికి సొమ్ము పోయిన వెనుక చెమట పట్టునే గాని, పోకముందు హెచ్చరించు చెమట పట్టదు. అమిగ్డాలా నశించినవారికి పోయిన వెనుకను పట్టదు. అమిగ్డాలా నష్టపు బాధను ముద్రవేయుచున్నదనియు, వల్కలము ఆ ముద్రను దాచుకొని సమయమునకు పైకి తీయుచున్నదనియు ఆ బృందము భావించినది. ఆటగాండ్రకు తాము చెప్పినదానికంటె ఎక్కువయే తెలిసియుండునని తరువాతివారు ఆక్షేపించిరి. ఇరు తెఱగుల రోగులును ఆ ఆటలో నష్టపోవుట మాత్రము సత్యము.

ఉద్వేగపు తోడు లేనిదే వివేకము సాగదను సత్యమును ఎఱుగని కాలమున వైద్యలోకము పెద్ద పొరపాటు చేసినది. 1935లో లిస్బన్ నగరమున ఎగాష్ మోనిష్ అను వైద్యుడు, తీవ్రమైన మనోవ్యాధులు గలవారి పుఱ్ఱెకు రంధ్రముచేయించి, లలాటభాగమును లోభాగములతో కలుపు తెల్లని తంతువులను ఖండింపజేసెను. ఉద్వేగపు బాధ ఆ త్రోవననే వచ్చుచున్నందున త్రోవను తెంపినచో బాధ తీరునని అతని ఆశ. రోగులలో పలువురు శాంతించిరి. కాని ఆ శాంతితో పాటు ఉత్సాహము, పూనిక, తమవారిపై మక్కువ కూడ చాలమందిలో ఆరిపోయినవి. 1949లో మోనిష్‌కు నోబెల్ బహుమానము లభించినది. అమెరికాలో వేలకొలది జనులకు అట్టి శస్త్రచికిత్స జరిగినది. 1950 తరువాత మందులు వచ్చిన పిదప ఆ పద్ధతి క్రమముగా అంతరించెను. గుఱ్ఱముల పోరు తాళలేక పగ్గమును కోసివేసిన ఆ చికిత్స, ఉద్వేగమును వివేకమునుండి వేఱుచేసినచో రెండును కృశించునని మానవజాతికి మిక్కిలి హెచ్చు వెలకు నేర్పినది.

ఇక పగ్గము మితిమీఱి లాగబడు వేళను గూర్చి చెప్పవలెను. ఇంటివద్ద గడగడ అప్పజెప్పిన పద్యము పరీక్షకుని యెదుట ఒక్క పాదమైనను గుర్తు రాకుండుట మనలో ఎందఱికో అనుభవము. అమిగ్డాలా ఆపదను చాటినపుడు మెదడుకాండమునుండి నారడ్రినలిన్, డోపమైన్ అను రసాయనములు లలాటవల్కలమున వెలువడును. ఇవి మితముగా నున్నపుడు అచ్చటి నాడీకణములు ఒండొంటికి ఊతమిచ్చుకొనుచు విషయమును నిలుపుకొనును. అతిగా నున్నపుడు ఆ కణముల నడుమ బంధములు సడలి, మనస్సున పట్టియుంచిన విషయము జాఱిపోవును. యేల్ విశ్వవిద్యాలయమున ఎమీ ఆర్న్‌స్టెన్ ఈ తీరును కోతులలోను ఎలుకలలోను వివరముగా నిరూపించెను. వల్కలము వెనుకబడిన ఆ క్షణమున అధికారము అమిగ్డాలా మొదలగు ప్రాచీనభాగముల చేతికి పోవును. పులి యెదుట నిలిచినవానికి ఈ ఏర్పాటు ప్రాణరక్షకము. ఛందస్సునో బీజగణితమునో తలచుకొనవలసినవానికి ఘాతుకము. స్వల్పమైన ఉద్వేగము శ్రద్ధను పెంచుననియు, పని కఠినమగుకొలది తక్కువ ఉద్వేగమే మేలనియు యర్క్స్, డాడ్సన్ అనువారు 1908లోనే ఎలుకలయందు కనుగొనిరి.

ఒక్కనాటి భయము ఇట్లు వచ్చి అట్లు పోవును. నిత్యము వేధించు ఒత్తిడి మెదడు కట్టడమునే మార్చును. ఈ విషయమున బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర పరిశోధన కేంద్రమున సుమంత్ర చటర్జీయును ఆయన శిష్యులును 2002లో ప్రకటించిన పరిశోధన జగత్ప్రసిద్ధమైనది. ఎలుకలను దినమునకు 2 గంటల చొప్పున 10 దినములు కదలకుండ నిర్బంధించినచో, జ్ఞాపకమునకు ఆధారమైన హిప్పోకాంపస్‌లో నాడీకణముల కొమ్మలు కుఱచవారెను. అమిగ్డాలాలో మాత్రము అవి మఱింత పెరిగి విస్తరించెను. అటుపై 21 దినములు విశ్రాంతి యిచ్చినను అమిగ్డాలాలోని ఆ పెరుగుదల తగ్గలేదని, ఎలుకల బెదురును తీరలేదని వారు 2004లో తెలిపిరి. నిద్రలేమి సంగతియు గమనింపదగినది. ఒక రాత్రి నిద్రలేక సుమారు 35 గంటలు మేల్కొనియున్న యువజనులకు భీకరచిత్రములు చూపగా, వారి అమిగ్డాలా స్పందన నిద్రించినవారికంటె 60 శాతమునకు మించి హెచ్చుగా నుండెననియు, లలాటవల్కలపు నడిమి భాగముతో దాని పొత్తు సడలెననియు 2007లో వెల్లడియైనది.

పగ్గపు రెండవ కొన మాటేమి? పామని జడిసిన బాటసారికి దీపము చేయు సహాయమెట్టిది? మునుపు చెప్పినట్లు భయము నేర్చిన ఎలుకకు ధ్వని వినిపించి ఆఘాతము తగిలింపకుండ పలుమాఱులు ఊరకున్నచో దాని భయము క్రమముగా తగ్గును. అయితే ఆ భయము చెరిగిపోలేదు. కొంతకాలమైన పిమ్మట అట్టి అలవాటు దానంతట తిరిగి తలయెత్తునని పావ్‌లోవ్ అను శాస్త్రజ్ఞుడు ఏనాడో గమనించెను. పాత పాఠముపై, ఇప్పుడు ప్రమాదము లేదను కొత్త పాఠము చేరుచున్నది, అంతియే. ఆ కొత్త పాఠమును గుర్తుంచుకొనునది లలాటవల్కలపు నడిమి భాగమని 2002లో మిలాద్, క్వర్క్ అనువారు ఎలుకలలో చూపిరి. అచ్చటినుండి పోవు సందేశము, అమిగ్డాలాలోని కేంద్రకముల నడుమ కావలికాయు నిరోధక కణములను ప్రేరేపించి, భయాజ్ఞను బయటికి పోనీయకుండ నిలుపునని భావింపబడుచున్నది. మానవునికి భాష యను మఱియొక సాధనము గలదు. కోపమో భయమో ఉట్టిపడు ముఖచిత్రములను చూచుచు ఆ భావమునకు పేరు పెట్టినవారిలో లలాటవల్కలపు కుడిభాగము చుఱుకై, అమిగ్డాలా స్పందన తగ్గెనని 2007లో లీబర్‌మన్ బృందము తెలిపినది. దుఃఖమును ఆత్మీయునితో చెప్పుకొన్నచో గుండె బరువు తగ్గునని మన పెద్దలు అనుభవమున ఎఱిగిన మాటకు ఇది ఒక సాక్ష్యము.

ఈ రెండవ కొన పటుత్వము పొందుటకు మాత్రము ఏండ్లు పట్టును. అమిగ్డాలా బాల్యముననే చుఱుకుగా పనిచేయును. లలాటవల్కలమును దానిని కలుపు తంతువులును ఇరువదియైదేండ్ల ప్రాయము వఱకు పక్వమగుచునే యుండును. పిల్లవానికి ఆవేశము పెద్దవానియంతయే కలదు, పగ్గము ఇంకను పేనబడుచున్నది. అట్టివానిని బెత్తము చూపి, నలుగురిలో తలవంపులుచేసి, మార్కులపేర పగలును రాత్రియు హడలగొట్టి, నిద్ర మాన్పించి చదివింపబూనువారు, ఏ శక్తిచే అతడు చదువవలెనో ఆ శక్తినే మొదట అణచివేయుచున్నారు. 2009నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగమున బాలురకు శారీరకదండనను మానసికవేధింపును నిషేధించినది. చట్టము చెప్పినదానినే మెదడు నిర్మాణమును చెప్పుచున్నది.

కావున ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును నాదొక్క మనవి. జడిసిన బిడ్డకు పాఠము చెప్పకుడు. ముందు జడుపు తీర్పుడు. అతని భయమునకు పేరేమో అతనిచేతనే చెప్పింపుడు, కంటినిండ నిద్రపోనిండు, తప్పుచేసినపుడు దగ్గఱ కూర్చుండబెట్టుకొనుడు. దీపము చేతబట్టుకొని ప్రక్కన నిలువవలసినవారు మీరే.